సాంకేతిక పోటీలు – మార్గదర్శకుల కర్తవ్యము

ఇటీవల మన పాఠశాలలలో సాంకేతిక పోటీలు విరివిగా జరుగుచున్నవి. కేంద్ర ప్రభుత్వమువారి ఇన్‌స్పైర్ మానక్ పథకమునందు ఎంపికయైన విద్యార్థికి నమూనా నిర్మాణము నిమిత్తము 10,000 రూపాయలు లభించును. 2020లో తెలంగాణమున ప్రారంభమైన స్కూల్ ఇన్నోవేషన్ చాలెంజి విద్యార్థులను జట్లుగా జేర్చి, తమ చుట్టునున్న సమస్యలకు పరిష్కారము వెదకుమని కోరినది. ఇవి హర్షింపదగినవే. కాని యీ పోటీలలో ఉపాధ్యాయులయు, తల్లిదండ్రులయు స్థానమెట్టిదను విషయమున మా యభిప్రాయమును దెలుపుట యావశ్యకమని తలంచితిమి.

ముందుగా మా తప్పును మేమే యొప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట మేము నలుగురు విద్యార్థుల జట్టునకు మార్గదర్శకులమై యుంటిమి. నేల యెండినపుడు గంట మ్రోగు పరికరమును వారు సంకల్పించిరి. పోటీకి ముందురాత్రి గంట మ్రోగలేదు. పిల్లలను ఇండ్లకు బంపి, మేమే సోల్డరింగు ఐరను చేతబట్టి తెల్లవారువరకు గూర్చుండి దానిని సరిచేసితిమి. మరునాడు గంట చక్కగా మ్రోగెను. పరీక్షకుడు “నేల తడిసినచో గంట యేల యాగును?” అని యడుగగా నలుగురును మా మొగము జూచిరి. అయినను బహుమానము వచ్చెను. తిరిగి వచ్చునపుడు బస్సులో నొక బాలిక మెల్లగా, “సారూ, గది మేం జేసింది గాదు గద!” అనెను. ఆ మాటను మేము నేటికిని మరువలేదు.

“పల్లెటూరి పిల్లలు పట్టణపు పాఠశాలలతో పోటీపడవలెనన్న పెద్దలు చేయివేయక తప్పునా?” యని కొందరు తల్లిదండ్రులడుగుదురు. ఈ మాటను మేము తేలికగా ద్రోసిపుచ్చము. పట్టణమున అంగడిలో దొరకు పరికరములు బుగ్గారమున దొరకవు. కాని బుగ్గారపు పిల్లల కన్నులయెదుట నున్న సమస్యలు పట్టణపు బాలునికి గానరావు. వడ్లు రోడ్డుపై నారబోసి మొగులు జూచి బెదరు తండ్రి, మక్కచేనిలో కోతులకు గావలియున్న తాత, బీడీలు చుట్టి వ్రేళ్లు నొచ్చిన తల్లి, సిరిసిల్లలో సాంచెల మ్రోతనడుమ బ్రదుకు మేనమామ – వీరి కష్టములే మన పిల్లలకు ప్రశ్నపత్రములు.

రాజన్న సిరిసిల్ల జిల్లా హన్మాజీపేట ఉన్నత పాఠశాల విద్యార్థి యొకడు వడ్లను బస్తాలలో నింపు యంత్రమును రూపొందించి, 2019లో ఇన్‌స్పైర్ జాతీయ ప్రదర్శనమున బహుమానము బడసెను. పోచంపల్లి చీరలకై ఆసు పోయు తల్లి లక్ష్మి భుజముల నొప్పిని జూడలేక చింతకింది మల్లేశము 1992లో ఆసు యంత్రమునకు బూనుకొని 1999లో ముగించెను. 2017లో పద్మశ్రీ నందెను. ఆ యేడేండ్ల విఫలప్రయత్నములే ఆయనకు గురువులు. ఒక్క రాత్రిలో మేము మా విద్యార్థులకు లేకుండ జేసినది అట్టి గురువునే.

కావున మార్గదర్శకుడు ప్రశ్న వేయవలెను గాని జవాబు చెప్పరాదు. కరెంటు, రంపము, బ్యాటరీల విషయమున అపాయము కలుగకుండ కాపాడుట మాత్రము పెద్దల బాధ్యతయే. దానిని పిల్లలకు విడువరాదు. చెడిన ప్రతి ప్రయత్నమును నోటుపుస్తకమున వ్రాయింపవలెను. బాలికలు చార్టులకు రంగులు వేయుటయు, బాలురు స్క్రూడ్రైవరు పట్టుటయు నను విభజన మానవలెను. ఇంగ్లీషు వచ్చినవాడే పరీక్షకునితో మాటలాడు నాచారమును విడువవలెను. తల్లిదండ్రులారా, అంగడిలో గొన్న నమూనాను బిడ్డపేర నిలుపుట బిడ్డకు అబద్ధము నేర్పుటయే గదా!

మరుసటి యేడు క్రొత్త జట్టొకటి అదే గంటను తమ చేతులతో జేసెను. నేలలో గ్రుచ్చిన యినుపమేకులు తుప్పుపట్టి, తడినేలయందే గంట మ్రోగసాగెను. బహుమానము రాలేదు. కాని పరీక్షకుడు కారణమడుగగా, తడినేల కరెంటును పోనిచ్చుననియు, ఎండిననేల యడ్డగించుననియు, తుప్పుపట్టిన మేకు తడినేలను సైతము ఎండినదానివలె దోపించుననియు ఏడవ తరగతి బాలిక యొకతె వివరించెను. చెప్పునపుడామె మా మొగము జూడలేదు. మాకు లభించిన బహుమానమదియే. అట్టిది ప్రతి మార్గదర్శకునకును లభించుగాక!