మచ్చు ముక్క

సావనీరులో దేశాన్ని గురించీ, యువతరం బాధ్యతలను గురించీ రాసే మిత్రులు ప్రతి ఏడూ ఉంటారు. నేను మాత్రం ఒక స్వెట్టరును గురించి రాయదలచుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నవ్వడం అయ్యాక కాస్త చదవమని మనవి.

మాది ఆదిలాబాద్ జిల్లా. డిసెంబరు, జనవరి నెలల్లో మా వైపు చలి ఎట్లా ఉంటుందో అక్కడ ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ చలిలో మా నాయిన తెల్లారకముందే లేచి శనగ చేనుకు నీళ్ళు పెట్టడానికి పోతాడు. ఒంటిమీద పాత దుప్పటి తప్ప మరేమీ ఉండదు. అందుకని హాస్టల్లో ఒక సీనియర్ అక్క దగ్గర అల్లిక నేర్చుకుని, చేతిఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో ఊలు కొని, నాయినకు స్వెట్టరు మొదలుపెట్టాను.

అక్క మొదటే చెప్పింది. "ముందు మచ్చుకు ఒక ముక్క అల్లు. తడిపి ఆరబెట్టి, అంచులు వదిలేసి మధ్యలో స్కేలు పెట్టి, పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చినయో లెక్కపెట్టు. అసలు పని తర్వాత." నాకెక్కడ ఓపిక? ఎందుకూ పనికిరాని ముక్క కోసం ఒక సాయంత్రం పాడుచేసుకోవడమా అనిపించింది. పుస్తకంలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లని ఉంది. నా సూదులు కూడా పుస్తకం చెప్పిన 8వ నంబరువే. ఇంకేం కావాలె? చుట్టుకొలత 100 సెంటీమీటర్లు రావాలని ముందు భాగానికి 110, వెనక భాగానికి 110 కుట్లు ఎక్కించి రెండు నెలలు అల్లాను.

తీరా చూస్తే నా చెయ్యి వదులు. నాకు వచ్చేవి 19 కుట్లే. 220ని 19తో భాగించి పదితో గుణించండి. దాదాపు 116 సెంటీమీటర్లు! చిన్న ముక్కలో మూడు కుట్ల తేడా, మనిషి ఒంటిమీదికి వచ్చేసరికి జానెడు అయి కూర్చుంది. సంక్రాంతి సెలవుల్లో నాయిన అది తొడుక్కుని, "ఇందుల ఇంకో మనిషి పడ్తడు బిడ్డా" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ముందుగాల జెరంత అల్లి చూస్కోలేదా?"

ఆ మాట అడిగే హక్కు ఆయనకుంది. ప్రతి జూన్‌లో సోయా విత్తే ముందు ఆయన నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెసంచి మీద వరుసగా పేర్చి, చుట్టి, నీడన పెడతాడు. ఆరకుండా నీళ్ళు చల్లి అయిదో రోజున విప్పుతాడు. డెబ్బై మొలిస్తే విత్తనం మంచిదే. మన దేశంలో సోయాకు ఉన్న ప్రమాణం కూడా 70 శాతమే. తగ్గితే గింజలు ఎక్కువ వెయ్యాలె, లేదా ఆ విత్తనం మానుకోవాలె. సోయా గింజ పొర పలుచన. బస్తా ఎత్తి పడేసినా లోపల మొలక దెబ్బతింటుంది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక్క ఏడు మాత్రం ఆయన గోనెసంచి తడపలేదు. వాన పడ్డది, ఊరంతా విత్తుతున్నారు, దుకాణం నుంచి తెచ్చిన బస్తా విప్పి అట్లాగే విత్తేశాడు. సగం మొలవలేదు. బస్తా మీద శాతం అచ్చువేసే ఉంది గాని, మా చేనుకు ఆ అచ్చు చదవరాదు గదా! మళ్ళీ విత్తనం, మళ్ళీ ట్రాక్టరు కిరాయి. అమ్మ గొలుసు తాకట్టుకు పోయింది. అయిదు రోజులు మిగులుతాయనుకుంటే అదును కాస్తా దాటిపోయింది.

ఇక మన సంగతికి వద్దాం. మన కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్ చేసేటప్పుడు మొదటి రీడింగు ఉజ్జాయింపుకే తీసుకోమంటారు. అది కూడా ఒక మచ్చు ముక్కే. కానీ మనలో ఎందరం సీనియర్ల రికార్డులో జవాబు ముందే చూసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు రాసుకోవడం లేదు? నేనూ రాశాను, దాచడం ఎందుకు? మచ్చు ముక్కను స్కేలు కింద సాగదీసి, లేదా కుదించి పట్టుకుని "22 వచ్చినయి" అనేవాళ్ళు కూడా ఉంటారట. ఆ అబద్ధం స్కేలు ఒప్పుకుంటుంది, స్వెట్టరు ఒప్పుకోదు.

19 రావడం తప్పు కాదు. కుట్లు తక్కువ వస్తే సన్నసూది, ఎక్కువ వస్తే లావుసూది పట్టుకుంటే సరి. 19 వచ్చినట్టు తెలియకపోవడమే తప్పు. లెక్చరర్లకు నా విన్నపం కూడా ఇదే. అరువు తెచ్చుకున్న 22 కన్నా నిజాయితీగా రాసిన 19కి మార్కులు ఎక్కువ వెయ్యండి. అప్పుడు కాపీ కొట్టేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు.

గోనెసంచిలో మొలిచినంత మాత్రాన చేనులో మొలుస్తుందని హామీ ఏముంది అంటారేమో. హామీ లేదు. వాన ఎగ్గొట్టవచ్చు, పురుగు పడవచ్చు. పరీక్ష పంటకు పూచీ కాదు. మన చేతిలో ఉన్న తప్పును మాత్రం ముందే చూపిస్తుంది. మిగిలినవాటితో పోరాడటానికి బలం మిగలాలంటే, ఈ ఒక్కటైనా ముందు తేల్చుకోవద్దా?

ఎండాకాలంలో ఆ స్వెట్టరు విప్పేశాను. ఈసారి 10వ నంబరు సన్నసూదులతో మచ్చు ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి కొలిచాను. 22 వచ్చినయి. ఆ ముక్క ఇప్పుడు నా ల్యాబ్ రికార్డులో ఉంది. ఊలును విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు మిత్రులారా. చేనును, చదువును అట్లా విప్పుకోలేం. అందుకే అడుగుతున్నాను, ఒక్క సాయంత్రానికి అంత తొందరేమిటి?