చిప్పును చూసి బోర్డు కొనకండి

నాలుగైదు వందల్లో మైక్రోకంట్రోలర్ బోర్డు కొనేవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఆ ధరకు వైఫై, బ్లూటూత్, రెండు కోర్లు, ఎక్కువ మెమరీ ఎందులో ఉంటే అది తీసుకో. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాల నుంచి కాలేజీ ల్యాబు దాకా ఇదే మాట. ఈ సలహా తప్పు.

ఆ జాబితాలో ఉన్నవన్నీ చిప్పు గుణాలు. బోర్డు తయారుచేసినవాడు ఆ చిప్పు చుట్టూ ఏం పెట్టాడో, ఏం ఎగ్గొట్టాడో జాబితాలో ఎక్కడైనా ఉందా?

ఈఎస్‌పీ32 సంగతే చూడండి. గాఢనిద్రలో ఆ చిప్పు వాడేది 10 మైక్రోఆంపియర్లు. చవక బోర్డుల్లో దాని పక్కన ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉంటుంది. చిప్పు నిద్రపోయినా అది దాదాపు 5 మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. పైగా ఆరని పవర్ ఎల్ఈడీ ఒకటి. 2000 ఎంఏహెచ్ బ్యాటరీ పెడితే చిప్పు లెక్కన ఏళ్లు రావాలి, రెగ్యులేటర్ లెక్కన 17 రోజులు కూడా రాదు. అదీ రెగ్యులేటర్‌కు బ్యాటరీ వోల్టేజీ సరిపోతేనే! 3.3 వోల్టులు ఇవ్వాలంటే దానికి మరో వోల్టు పైన అదనంగా కావాలి, 3.7 వోల్టుల లిథియం సెల్ ఎక్కడినుంచి తెస్తుంది? పొలంలో తేమ కొలిచే ప్రాజెక్టు మూలపడితే తప్పు విద్యార్థి కోడ్‌దా?

2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో ఈ విషయంలో మేలు: 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా ఏదిచ్చినా పనిచేస్తుంది. బ్రెడ్‌బోర్డు మీద రెండువైపులా రెండేసి రంధ్రాలు మిగులుస్తుంది. వెడల్పాటి ఈఎస్‌పీ32 బోర్డులు చాలావాటికి ఒక పక్క ఒక్క రంధ్రమూ మిగలదు. కానీ పికోకు రీసెట్ బటన్ లేదు. పిన్నుల పేర్లు అడుగున అచ్చయ్యాయి. బ్రెడ్‌బోర్డులో గుచ్చాక వాటిని ఎవరు చదువుతారు? 2024లో పికో 2 వచ్చింది. మెమరీ 264 నుంచి 520 కిలోబైట్లకు పెరిగింది, బటన్ మాత్రం రాలేదు. కొత్తవాడు రీసెట్ చేయాల్సిన ప్రతిసారీ కేబుల్ పీకి మళ్లీ గుచ్చుతాడు, మైక్రో యూఎస్‌బీ సాకెట్ వదులయ్యేదాకా. 520 కిలోబైట్లలో అతను నింపేదెంత?

ఇలాంటివన్నీ సరిగ్గా పెడితే ధర పెరుగుతుందంటారు. ఏ ధర? టైప్-సీ సాకెట్ పెట్టి, దానికి కావలసిన రెండు 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు మానేసిన బోర్డులున్నాయి. సీ-టు-సీ కేబుల్‌తో వాటికి కరెంటే రాదు. ఆ రెండింటి ఖరీదు పైసల్లో ఉంటుంది.

ఇక బ్లూపిల్ బోర్డు. 72 మెగాహెర్ట్జ్ ఎస్‌టీఎం32 చిప్పు, ఆ ధరకు అంత వేగం ఎక్కడా లేదని ఎగబడి కొన్నారు. అందులో చాలా బోర్డులకు యూఎస్‌బీ లైను మీద 1.5 కిలోఓమ్ ఉండాల్సిన చోట 10 కిలోఓమ్ రెసిస్టర్ అతికించారు. కొన్ని కంప్యూటర్లు బోర్డును గుర్తించేవే కావు. కొన్నవాళ్లు కేబుల్ మార్చారు, డ్రైవర్లు మార్చారు, చివరికి సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఆ రెసిస్టర్‌నే మార్చుకున్నారు. వాళ్లకు 72 మెగాహెర్ట్జ్ ఏ విధంగా ఆదుకుంది?