న్యాయమూర్తిని దించిన ఓటు

కింది కోర్టు న్యాయమూర్తుల్ని మనమే ఎన్నుకుంటే, వద్దనుకున్నప్పుడు దించెయ్యగలిగితే ఎంత బాగుండును అనే మాట మన సమావేశాల్లో తరచు వింటుంటాను. భన్వరీదేవి కేసులో 1995లో జైపూర్ సెషన్స్ కోర్టు నిందితుల్ని అత్యాచార నేరం నుంచి విముక్తుల్ని చేసినప్పుడు కలిగిన కోపంలోంచి వచ్చిన మాట అది. ఆ కోపం న్యాయమైనదే. కానీ అలాంటి ఏర్పాటు ఉన్నచోట ఏం జరిగిందో కూడా మనం చూడాలి.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంటా క్లారా కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది. అక్కడి ట్రయల్ కోర్టు న్యాయమూర్తి ఏరన్ పర్‌స్కీ ఒకప్పుడు లైంగిక నేరాల కేసుల్ని ప్రభుత్వం తరఫున వాదించినవాడే. 2002లో న్యాయమూర్తి పదవికి పోటీచేసి ఓడిపోయాడు. 2003లో గవర్నరు ఆయన్ని నియమించాడు. ఓటర్లు కాదన్న మనిషి మరుసటి ఏడాదే ఆ కుర్చీలో కూర్చున్నాడన్నమాట! ఆ పదవికి ఆరేళ్ళకోసారి ఎన్నిక ఉంటుంది. ఎదురు ఎవరూ నిలబడకపోతే పేరు బ్యాలెట్ మీదకే రాదు.

2016 జూన్ 2న ఆయన ముందుకొచ్చిన ముద్దాయి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఈతగాడు. స్పృహలో లేని యువతి మీద లైంగిక దాడి చేశాడని జ్యూరీ తేల్చింది. ప్రాసిక్యూషన్ ఆరేళ్ళు అడిగితే న్యాయమూర్తి ఆరు నెలలు వేశాడు. జైలుజీవితం ఆ కుర్రవాడి మీద తీవ్రమైన ప్రభావం చూపుతుందట. ఆమె జీవితం మీద పడ్డ ప్రభావం మాత్రం ఆ త్రాసులో తేలిపోయింది. అతను లోపల ఉన్నది మూడు నెలలే. తీర్పు వచ్చిన ఐదు రోజులకు ఎన్నికలు జరిగాయి. పోటీ లేనందువల్ల పర్‌స్కీకి మరో ఆరేళ్ళు దక్కాయి.

న్యాయశాస్త్ర ఆచార్యురాలు మిషెల్ డాబర్ నాయకత్వంలో స్త్రీలు సంతకాలు సేకరించారు. న్యాయమూర్తుల ప్రవర్తనను విచారించే కమిషన్ తప్పేమీ లేదని చెప్పినా వాళ్ళు ఆగలేదు. 2018 జూన్ 5న నూటికి 60 మందికి పైగా ఆయన్ని దించడానికే ఓటేశారు. 1932 తర్వాత కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి ఇలా పదవి పోగొట్టుకోవడం అదే మొదలు.

నాకూ సంతోషం కలిగింది, దాచుకోను. అయితే పేదల తరఫున వాదించే ప్రభుత్వ న్యాయవాదులు చాలామంది ఆ ఉద్యమాన్ని ఎందుకు వ్యతిరేకించారో తర్వాత అర్థమైంది. పదవి పోతుందనే భయం పట్టుకున్న న్యాయమూర్తి స్టాన్‌ఫర్డ్ కుర్రవాడికే కాదు, తన ముందుకొచ్చే ప్రతివాడికీ శిక్ష పెంచుతాడు. ఆ రాష్ట్రంలోని ఆరు కౌంటీల శిక్షల్ని పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది ఇదే: పర్‌స్కీని దించే ప్రయత్నం ప్రకటించగానే శిక్షలు ఒక్కసారిగా పెరిగాయి. కోర్టుల్లో నిందితులుగా నిలబడేవాళ్ళలో నల్లవాళ్ళు, హిస్పానిక్ ప్రజలు ఎక్కువ కాబట్టి ఆ భారం కూడా వాళ్ళ మీదే ఎక్కువ పడింది. ఇక్కడైతే ఎవరి మీద పడుతుందో మన జైళ్ళలో ఎవరున్నారో చూస్తే తెలుస్తుంది.

అందుకే ఇక్కడ న్యాయమూర్తుల ఎన్నికను నేను కోరను. మన జిల్లా న్యాయవ్యవస్థ హైకోర్టు అదుపులో ఉంటుంది. పట్టుకోవలసింది అక్కడే. బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలనే షరతుతో ఇచ్చిన బెయిలు ఉత్తర్వు మీద స్త్రీలే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2021 మార్చిలో కోర్టు ఆ షరతును కొట్టేసింది, స్త్రీల నడవడి, దుస్తుల గురించి వ్యాఖ్యలు చెయ్యకూడదని కింది కోర్టులకు చెప్పింది. ఆ ఆదేశం మన జిల్లా కోర్టు గుమ్మం దాటి లోపలికి వెళ్ళిందా? మీరు వెంట ఉండి నడిపించిన కేసుల తీర్పుల నకళ్ళు, ఆమె పేరూ ఊరూ తీసేసి, మాకు పంపండి. గెలిచినవీ, ఓడినవీ కూడా.