పింఛను పోయినంత మాత్రమున వైకల్యము పోవునా?

ప్రతి నెల మొదటి తేదీన సచివాలయ ఉద్యోగి గడపవద్దకు వచ్చి పింఛను పైకము చేతిలో పెట్టిపోవుట ఆంధ్రప్రదేశ్ పల్లెలలో నేడు అందరెరిగిన సంగతియే. 2024 జూలై నుండి అంగవైకల్యము కలవారికి నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచము పట్టినవారికి 15,000 రూపాయలు ఈ విధముగా చేరుచున్నవి. నెలజీతము అందుకొనువారికి ఇది స్వల్పముగా తోచవచ్చును. కాలు చచ్చుబడి, కూలికి పోలేక, అన్నగారి ఇంటి వసారాలో ఒక మూల కాలము గడుపువానికి మాత్రము ఆ పైకము తిండి ఒక్కటియే కాదు. ఆ ఇంటిలో అతని మాట చెల్లుటకు అదియే ఆధారము. వదినె విసుగుకొనక విస్తరి వేయుటకు కూడ అదియే కారణము. అట్టి పింఛను ఒక కాగితపు ముక్కతో ఆగిపోయినచో అతడు ఏమి చేయవలెను?

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము వైకల్య పింఛనుల పునఃపరిశీలనకు పూనుకొన్నది. ఆ ఆగస్టు నాటికి లక్షకు పైగా పింఛనుదారులకు నోటీసులు వెళ్లినవి. వైకల్యము 40 శాతమునకు తక్కువగా తేలినవారు అనర్హులన్నారు. వారిలో వయస్సు చాలినవారిని వృద్ధాప్య పింఛనులోనికి, 15,000 పొందుచు అంతటి వైకల్యము లేదని తేలినవారిని 6,000 తరగతిలోనికి మార్చుటకు నిర్ణయించిరి. ఆందోళనలు చెలరేగిన పిమ్మట, అప్పీలు చేసుకొన్నవారికి మరల పరీక్ష జరిపింతుమని ప్రభుత్వము ప్రకటించినది.

పరీక్షయే కూడదని ఎవరును అనజాలరు. చక్కగా వినగలవాడు చెవిటివాడనని పత్రము సంపాదించుట అసలు చెవిటివాని నోటికూడు తీయుటయే. అయితే దొంగపత్రము కొన్నవాడున్నచో అమ్మినవాడును ఉండవలెను కదా! ఆ రెండవవాని ఊసు ఈ నోటీసులలో కానరాదు. మరియొక సంగతి. శాతము తగ్గిన ప్రతివాడును మోసగాడు కాడు. వైకల్యమును కొలుచు పద్ధతులే ఇటీవలి కాలమున పలుమారులు మారినవి. 2001లో కేంద్రము ప్రకటించిన మార్గదర్శక సూత్రములు ఒకరీతివి. 2016 చట్టము వచ్చిన తరువాత 2018 జనవరిలో క్రొత్తవి వెలువడినవి. 2024 మార్చిలో వానిని సైతము సవరించిరి. 2010 ప్రాంతమున సదరం శిబిరములో కొలిచిన కాలే నేడును ఆ మనిషికి ఉన్నది. కొలబద్ద మారినది. కొలత తగ్గినంతనే కాలు బాగుపడినదనుట తర్కమునకు నిలువదు.

అసలు ఈ శాతము దేనిని కొలుచును? కీలు ఎంత వంగును, కన్ను ఎంత దూరము చూచును, చెవి ఎంత ధ్వనిని గ్రహించును అనుదానినే. బ్రతుకుతెరువును అది కొలువదు. 35 శాతము వైకల్యము గల గుమాస్తా కుర్చీలో కూర్చుండి ఉద్యోగము నెరవేర్చగలడు. అదే 35 శాతము గల కూలివాడు మడిలో దిగి నాటు వేయలేడు, బస్తా ఎత్తలేడు. వైద్యుని లెక్కలో ఇరువురును సమానులే. 40 అను గీత ఎక్కడనో ఒకచోట గీయక తప్పదని పాలకులు చెప్పుదురు. అది కొంతవరకు నిజము. కేంద్రము తన వికలాంగ పింఛనుకు 80 శాతము గీత గీసి, 300 రూపాయలతో సరిపెట్టుచున్నది. ఆ గీతను 40కి దించి ఆదుకొనుట రాష్ట్రము చేసిన మేలే. కాని గీతకు దిగువన ఉన్నవాడు నిక్షేపముగా ఉన్నాడనుకొనుట వేరు మాట.

పేర్ల విషయమై ఇక్కడ ఒక్క మాట చెప్పవలసియున్నది. కుంటి, గుడ్డి అనుట మోటగా నుండుటచే వికలాంగులనిరి. 2015 నుండి దివ్యాంగులను మాట వ్యాపించినది. రాష్ట్రములోని శాఖ విభిన్న ప్రతిభావంతుల పేర వెలసినది. పేరు నానాటికి సొంపు దేలుచున్నది. నోటీసులో మాత్రము 'అనర్హుడు' అను మోటమాట ఒక్కటియే మిగిలినది.

చట్టము ఈ విషయమున నోటీసు కంటె ఉదారమైనది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇద్దరిని వేరువేరుగా నిర్వచించినది: వైకల్యము గల వ్యక్తి ఒకరు, 40 శాతమునకు తగ్గని వైకల్యము గల వ్యక్తి ఇంకొకరు. రెండవ తరగతి నుండి జారినవాడు మొదటి తరగతిలో నిలిచియే యుండును. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసున సుప్రీంకోర్టు ఈ భేదమునే ఆధారముగా గొని, పరీక్షలో వ్రాతగానిని కోరుటకు 40 శాతము షరతు కారాదని తీర్పు చెప్పినది. పింఛను పోయిన బాలుని తండ్రితో "ఇక మీవానికి ఏ వసతియు లేదు" అని చెప్పబోవు ఉపాధ్యాయుడు ఈ తీర్పును తప్పక ఎరిగియుండవలెను.

పింఛను పోగొట్టుకొన్నవాడు మొట్టమొదట చూడవలసినది తేదీ. నోటీసు ఏనాటిది, ఏనాడు చేతికందినది, గడువెంత అనునవి ఒకచోట వ్రాసికొనవలెను. పిదప ద్వారములు రెండని గ్రహింపవలెను. పింఛను ఆపుటపై అభ్యంతరము మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి, పట్టణములోనైనచో పురపాలక కమిషనరుకు చెప్పుకొనవలెను. వైద్యులు వేసిన శాతముపై అప్పీలు వేరు. 2016 చట్టము 59వ సెక్షను ఆ హక్కునిచ్చినది. నిబంధనలు దానికి 90 దినముల గడువిచ్చినవి. ఒక ద్వారము తట్టి రెండవదానిని మరచినవాడు తరచుగా రెంట చెడును. పాత పత్రము అసలు ప్రతిని ఎవరి చేతను విడువరాదు. నకలు మాత్రమే ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. క్రొత్త పరీక్షలో ఏమి వ్రాసిరో ఆ ప్రతి ఇండని అడుగవలెను. ఇయ్యనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నది. అక్కడను చుక్కెదురైనచో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. 1987 చట్టము ప్రకారము వికలాంగులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులముల తెగలవారికి, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి అచ్చట న్యాయవాది ఉచితము. పింఛను ఆగినంతనే బియ్యపు కార్డు కూడ పోవునని భయపడనక్కరలేదు. ఆ రెండును వేరు.

ఇదంతయు చదువ వచ్చినవారికి సులభమే. నోటీసును ఎవరిచేతనో చదివించుకొనువాని గతి ఏమి? దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడన్నట్లు, చట్టమిచ్చిన అప్పీలు అర్జీ వ్రాయువాడు లేక అడుగంటును. ఆ సందున దళారి దూరును. పింఛను మరల తెప్పింతునని రెండు నెలల పైకము ముందుగా అడుగును. పల్లెలో అక్షరమెరిగినవారు ఉపాధ్యాయులు, కళాశాలకు పోవు బాలబాలికలు. జాతీయ సేవా పథకమువారు శిబిరములు పెట్టి వీధులు ఊడ్చుట మంచిదే. ఒక దినము చీపురు ప్రక్కనబెట్టి ఊరిలో నోటీసు వచ్చినవారికందరికి అర్జీలు వ్రాసిపెట్టినచో మరింత మంచిది. అర్జీకి పాండిత్యము అక్కరలేదు. "నేను పేదవాడను, దయ చూపుడు" అని పుటలు నింపుట కంటె, ఏ అవయవము, ఎన్ని ఏండ్లనుండి, ఏ పని చేయనీయకున్నది అని ఐదు వాక్యములు వ్రాసిన చాలును. దయ అడుగ నవసరమే లేదు. నిరుద్యోగము, వార్ధక్యము, రోగము, అంగవైకల్యము కలిగినప్పుడు ప్రజాసహాయము పొందు హక్కునకు ప్రభుత్వము తన శక్తి మేరకు ఏర్పాటు చేయవలెనని రాజ్యాంగపు 41వ అధికరణము చెప్పుచున్నది.

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. విచారించి పిదప ఆపవలెను గాని ఆపి పిదప విచారింపరాదు. అప్పీలు తేలువరకు పింఛను సాగినచో ఖజానాకు కలుగు నష్టము కొలది నెలల పైకము. సాగనిచో ఆ మనిషి పడునది కొలది నెలల పస్తు. మరల పరీక్షకై జిల్లా ఆసుపత్రికి రమ్మనుట కూడ చిన్న శిక్ష కాదు. నడువలేనివానిని ఆటోలో ఎక్కించుకొని పోవలెను; తోడు పోయినవాని ఆ నాటి కూలి పోవును; వైద్యుడు ఆనాడు సెలవులో ఉన్నచో మరల పోవలెను. 2025 జనవరిలో పునఃపరిశీలన మొదలైనప్పుడు మంచము పట్టినవారి ఇండ్లకు వైద్యబృందములే తరలి వెళ్లినవి. తగ్గించుటకు ఇంటికి పోగలిగిన వైద్యుడు అప్పీలు వినుటకును ఆ ఇంటికి పోవచ్చును, దారి అదియే.