జైలు గేటు దాకా వెళ్ళే చదువు

క్రిమినల్ జస్టిస్‌లో ఆన్‌లైన్ ఎం.ఏ. చేయమంటారా అని ఈ మధ్య మన యవ్వనస్థులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. పగలు ఉద్యోగం చేసుకుంటూనే, హోసూరు నుంచో బరంపురం నుంచో కదలకుండా చదువుకోవచ్చు. చేయమనే అంటాం. అయితే ఫీజు కట్టేముందు ఒక మాట.

ఈ పట్టాతో లాయరు కాలేరు. కోర్టులో వాదించాలంటే కాలేజీకి వెళ్ళి లా చదవాల్సిందే. మన దేశంలో ఎల్.ఎల్.బి.ని ఆన్‌లైన్‌లో చదవడానికి అనుమతి లేదు. ఇది తెలియక చేరి, అప్పు చేసి ఫీజు కట్టిన సహోదరుడొకరు "ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు పాస్టరుగారూ" అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. కోర్సుకు యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకోండి. అనుమతి ఉంటే అది రెగ్యులర్ పట్టాతో సమానమేనని 2022లో యూజీసీ ప్రకటించింది. అమెరికా కోర్సులైతే అక్కడి పోలీసు, అక్కడి పెరోల్ గురించే ఎక్కువగా నేర్పుతాయి. మన తాలూకా కోర్టులో అవి అక్కరకు రావు.

ఇంతకీ ఈ చదువు ఎవరికోసం? 2022 చివరికి మన జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా శిక్షే పడలేదు. బెయిలు వచ్చినా జామీను ఇచ్చేవాళ్ళు లేక లోపలే ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఉన్నవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద విడిచిపెట్టాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. గడువు నిండగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. రాశారా లేదా అని అడిగే మనిషి ఎవరు?

ఎస్సీ సర్టిఫికెట్ లేదు కాబట్టి ఉచిత లాయరు రాడని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికీ, స్త్రీలకూ, పిల్లలకూ మతంతోగానీ ఆదాయంతోగానీ పనిలేకుండా ఆ హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయవచ్చు.

ఇక భాష. కర్ణాటకలో పట్టుబడిన తెలుగు కూలీ చేతికి వచ్చే కాగితం కన్నడంలో ఉంటుంది. ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేస్తాడు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివిన మన పిల్లలకు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని అర్హత అది. ఫిలిప్పీలో పౌలు తన పౌరసత్వపు హక్కు తెలిసినవాడు కాబట్టే, రహస్యంగా వెళ్ళిపొమ్మంటే ఒప్పుకోలేదు. ఆ హక్కేమిటో మన కూలీకి అతని భాషలో చెప్పాలి.

ఎం.ఏ.లో చేరేవాళ్ళు చేరండి. ఈలోగా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవల సంస్థకు వెళ్ళి, పారా లీగల్ వాలంటీర్లను ఎప్పుడు తీసుకుంటారో అడగండి. దానికి పీజీ పట్టా అక్కర్లేదు.