అణా పోయింది, అరపైసా ఎవరికి దక్కింది?

కొల్లాపూర్ వర్తకులకు రెండు నాణేల లెక్క కొత్త కాదు. జటప్రోలు సంస్థానానికి ముఖ్యపట్టణమైన ఈ ఊళ్ళో నిజాం హాలీ సిక్కా చెల్లేది. సోమశిల రేవులో పడవెక్కి కృష్ణ దాటితే ఆనాటి కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. అక్కడ కల్దారు. నూరు కల్దారు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. 'ఆరు కల్దారుకు ఏడు హాలీ' అన్న లెక్క నోటికి వచ్చినవాడే రెండు ఒడ్డుల బేరం చేయగలిగేవాడు. 1951లో హాలీ జారీ నిలిచిపోయింది, 1959లో పూర్తిగా రద్దయింది. ఈ రెంటి నడుమ, 1957 ఏప్రిల్ 1న, దశాంశ నాణేలు వచ్చాయి. కొత్త రూపాయికి అలవాటు పడుతుండగానే అందులోని చిల్లర కూడా మారిపోయిందన్నమాట.

రూపాయికి నూరు పైసలు, ఇంతకంటే సులువేమున్నదని ఇప్పటివారంటారు. నిజమే. కాని పాత లెక్క తెలివితక్కువదేమీ కాదు. సేరుకు 16 ఛటాకులు, రూపాయికి 16 అణాలు. సేరు ఎన్ని రూపాయలో ఛటాకు అన్ని అణాలు. కాగితం, కలం అక్కరలేదు. 1957లో అణా పోయింది, సేరు పోలేదు. మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుండి, అదీ దశలవారీగా, మొదలయ్యాయి. ఆ నడిమి కాలంలో సేరు రెండు రూపాయల సరుకును ఛటాకు అమ్మితే పన్నెండున్నర నయాపైసలు. అర నయాపైసా నాణెం ఏ టంకశాలలోనూ వేయలేదు! తూనికను, నాణేన్ని ఒకేసారి మార్చి ఉంటే చిల్లర వర్తకానికి ఈ తలనొప్పి చాలా వరకు తప్పేదని మా అభిప్రాయం.

మార్పిడికి ఒక నిబంధన పెట్టారు. భిన్నం అర నయాపైసా వరకు ఉంటే వదిలివేయాలి, దాటితే ఒక నయాపైసాగా లెక్కించాలి. ఆ ప్రకారం అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, చారాణాకు 25. వినడానికి బాగానే ఉంది. బస్తాకు అణా చొప్పున 16 బస్తాలకు హమాలీ ఒక రూపాయి. బస్తా బస్తాకూ ఆరేసి పైసలు కడితే 96 పైసలే. నాలుగు పైసలు హమాలీకి నష్టం. రేటు మూడణాలైతే కథ తిరగబడుతుంది. 16 బస్తాలకు మూడు రూపాయలు ఇవ్వవలసినవాడు మూడు రూపాయల నాలుగు పైసలు ఇచ్చుకుంటాడు. నాలుగు పైసలకు తగవా, చారాణా కోడికి బారాణా మసాలా కాదా అనవచ్చు. వెయ్యి బస్తాలు దిగితే? అణా లెక్కన 62 రూపాయల 50 పైసలు, ఆరు పైసల లెక్కన 60 రూపాయలు. మొత్తం కూడిన తరువాత ఒక్కసారి మార్చితే తేడా ఎంత పెరిగినా అరపైసాను మించదు. పద్దు పద్దుకూ మార్చితేనే ఒకరి సొమ్ము మరొకరి పెట్టెలోకి పోతుంది.

1964 జూన్ 1న 'నయా' అన్న మాట తీసివేశారు. ఇంగ్లండు 1971లో గాని పౌనుకు 240 పెన్నీల లెక్కను వదలలేదు. ఆ విషయంలో మనమే ముందు.

ఇదంతా పాత పురాణం కాదు. 2011 జూన్ 30తో పావలా, అంతకు తక్కువ నాణేలు చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టం ప్రకారం చెల్లుతున్నా బజారులో కనబడటం అరుదు. కనుక సర్దుబాటు ఇప్పుడు నయాపైసాకు కాదు, రూపాయికి. బస్తాల తూకం, హమాలీ, దడ్వాయి ఖర్చు, కమీషను విడివిడిగా లెక్కగట్టి, ప్రతి చోటా రూపాయికి సరిచేస్తూ పోతే ఒక తక్‌పట్టీలోనే రెండు మూడు రూపాయల తేడా రావచ్చు. బ్యాంకు ద్వారా సొమ్ము పంపేటప్పుడు చిల్లర లేదన్న సాకు కూడా లేదు, పైసలతో సహా జమ చేయవచ్చు. అడ్తీదారులు, ఖరీదుదారులు సీజను మొదలు కాకముందే కూర్చుని, సర్దుబాటు చివరి మొత్తం దగ్గర ఒక్కసారే చేయాలని, చేసినంత మేర తక్‌పట్టీలో వేరే వరుసగా చూపాలని నిర్ణయించుకోవాలి. వేరుశనగ బస్తాలు యార్డులో దిగిన తరువాత ఈ మాట ఎత్తితే వినే తీరిక ఎవరికీ ఉండదు.