ముంపును తట్టుకొనే రకం: మన సిఫారసు సంపూర్ణమేనా?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినపుడు కృష్ణా డెల్టాలో వరి కొంత కోతకు సిద్ధంగా, కొంత పనలపై ఉన్నది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు విజయవాడను ముంచెత్తి, ప్రకాశం బ్యారేజీ నుండి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు సాగినపుడు ఎక్కువ పొలాలలో పైరు పిలకల దశలో ఉన్నది. రెండు సందర్భాలలోనూ రైతులు మమ్ములను అడిగినది ఒక్కటే: "ముంపును తట్టుకొనే రకం ఏదండీ?" ఈ ప్రశ్నకు సమాధానాలు మాత్రం రెండు.

మునిగిన మొక్క నుండి ఇథిలీన్ వాయువు త్వరగా బయటపడలేక కణజాలంలో పేరుకుంటుంది. సాధారణ రకాలు ఆ సంకేతానికి స్పందించి ఏపుగా సాగి, నిలువ ఉన్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసుకొని, నీరు తీయగానే వాలిపోతాయి. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ రకం నుండి 2006లో గుర్తించిన సబ్1ఎ జన్యువు అదే ఇథిలీన్‌తో చైతన్యం పొంది, జిబ్బరెల్లిన్ ప్రభావాన్ని అణచి, పెరుగుదలను నిలుపుతుంది. మారుటేరు నుండి 1982లో విడుదలైన స్వర్ణ (ఎంటియు 7029)లో ఈ జన్యువును చేర్చగా రూపొందిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైనది.

అయితే ఈ రక్షణ శాకీయ దశకు, సుమారు రెండు వారాల ముంపునకు మాత్రమే పరిమితం. ముంపునకు ముందు నత్రజని అధికంగా వేసినా, బురదనీరు నిలిచినా అదీ సన్నగిల్లుతుంది. కోత దశలో సమస్య వేరు. తడిసిన గింజ నీటిని పీల్చుకొని వెన్నుపైనే మొలకెత్తుతుంది. అక్కడ ఆదుకొనేది సబ్1ఎ కాదు. అబ్సిసిక్ ఆమ్లం నిలిపి ఉంచే విత్తన నిద్రావస్థ. ఆ గుణం లేని రకాలు పడిపోయినపుడు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై పిచికారీ చేయుమని చెప్పడంలోని అంతరార్థం, గింజ నీటిని పీల్చుకోకుండా అడ్డుకొనడమే.

కావున "ముంపును తట్టుకొనే రకం" అని మాత్రమే చెప్పడం అసంపూర్ణ సిఫారసు. ఏ దశలో, ఎన్ని రోజులు, ఏ యాజమాన్యంతో తట్టుకొంటుందో కూడా రకం పేరుతో పాటే చెప్పాలని నా అభిప్రాయం. ఇంత వివరం రైతుకు భారమని కొందరంటారు. కాని నారుమడి మునకను, పొట్ట దశ మునకను, పనల మీద వానను రైతు వేర్వేరు నష్టాలుగానే లెక్కిస్తాడు. జన్యువు కూడా దశను బట్టే స్పందిస్తుంది. ఈ రెంటినీ కలిపి చెప్పవలసినది విస్తరణ శాస్త్రవేత్తలమైన మనమే.